రెండుసార్లు తడితే వదలాలి

చీమల మాస్టారికి ఆ పేరు పెట్టింది ఆయన పట్టులో చిక్కినవాళ్లే. మోచేతికి బెత్తెడు పైన, ఎముకను చుట్టుకుని ఒక నరం దాదాపు తోలు కిందే పోతుంది. అక్కడ దానికి కండ కాపలా లేదు. ఆయన ఎదుటివాణ్ణి వెల్లకిలా పడేసి, ఛాతీ మీద అడ్డంగా వాలి, వాడి చేతిని చాపించి తన మెడకూ భుజానికీ మధ్య ఇరికించి, తన మణికట్టు ఎముకను సరిగ్గా ఆ నరం మీద ఆనించేవాడు. ఆ తరవాత బలం వాడేవాడు కాదు, ఓపిక వాడేవాడు. ముందు వేళ్ల కొసల్లో చీమలు పాకుతాయి. కాసేపటికి కుడతాయి. ఆపైన ఎంతటి వస్తాదైనా ఖాళీగా ఉన్న రెండో చేత్తో మాస్టారి వీపు మీద రెండుసార్లు తడతాడు. తడితే వదిలెయ్యాలి. ఎందుకని అడగకూడదు, ఇంకాస్త ఓర్చుకోమనకూడదు. ఆ విద్యలో మాట తప్పకూడని చోటు అదొక్కటే.

టైర్ల కొట్టు మీది మేడలో ఉండేది ఆయన హాలు. గోడ మీద "మల్లవిద్య శీలానికి పునాది" అని ఎవరో శిష్యుడు భక్తి కొద్దీ రాయించాడు. మల్లవిద్య మనిషికి నేర్పేది మల్లవిద్య. శీలం కావలసినవాళ్లు ఇంకెక్కడైనా వెతుక్కోవాలి. ఈ సంగతి అందరికంటే మాస్టారికే బాగా తెలుసు. అందుకే ఎప్పుడూ ఆ గోడకు వీపు పెట్టి కూర్చునేవాడు.

పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఆయన తన బావమరిది అద్దాల కొట్టులో పని చేసేవాడు. కిటికీలకూ అల్మరాలకూ గాజు కోసి బిగించే పని. వజ్రపు ములికితో గీత గీసి, గీతను బల్ల అంచు మీదికి జరిపి, బొటనవేళ్లతో ఒక్క నొక్కు. గాజు విరిగేది బలానికి కాదు, సరైన చోట పడిన నొక్కుకు. పొద్దున గాజు, సాయంత్రం నరం. ఏది ఎక్కడ లొంగుతుందో ఆ వేళ్లకు తెలుసు. యాభై ఎనిమిదేళ్లు వచ్చాయి కానీ ఆయన చేతిలోంచి ఒక్క పలక జారి ఎరగదు.

అది జారిన రోజున నిలువెత్తు పలకను రెండు చేతులా పట్టుకుని వీధిలోంచి గోదాములోకి తీసుకెళ్తున్నాడు. ముందంతా చీకటి, వెనక గుమ్మంలో ఎండ. ఆ వెలుతురుకు గాజులో ఆయన ముఖమూ, వెనక ఖాళీ గుమ్మమూ స్పష్టంగా కనిపిస్తున్నాయి. అప్పుడు రెండు రెక్కల ఎముకల మధ్య, ఎప్పుడూ తట్టే చోటే, ఎవరో రెండుసార్లు తట్టారు. మెత్తగా, అరచేత్తో, తొందరగా. నలభై ఏళ్ల అలవాటు ఆలోచించదు. చేతులు వాటంతటవే తెరుచుకున్నాయి. పలక జారిపోతున్న ఆ రెప్పపాటులో కూడా గాజులో గుమ్మం ఖాళీగానే ఉంది.

చప్పుడుకు బావమరిది పరుగెత్తుకొచ్చాడు. కాళ్లకేమీ కాలేదని చూసుకున్నాక చీపురు అందిస్తూ, "ఏం బావా, అద్దం నిన్నేమన్నా అందా?" అన్నాడు.

"చెయ్యి జారింది."

"నీ చెయ్యా? దాంట్లోంచి బతికున్న మనుషులే జారలేరు, గాజు పలక జారిందంటే నమ్మమంటావు."

మాస్టారు ముక్కలు ఊడ్చాడు. ఊడుస్తూ రెండుసార్లు గుమ్మం వైపు చూశాడు.

ఆ వారంలో కాఫీ గ్లాసు పడిపోయింది. తరవాత పాల గిన్నె. ఆ తరవాత, అన్నింటికంటే ఘోరంగా, బస్సు పక్కగా పోతుండగా స్కూటరు హ్యాండిల్ వదిలేశాడు. బతికి బయటపడ్డాడు, స్కూటరు తియ్యడం మానేశాడు. ఎవరో తడతారు, ఆయన వదిలేస్తాడు. ఎవరూ ఉండరు. చొక్కా మీద చెయ్యి పడిన చోట కాసేపు వెచ్చగా ఉండేది, అంతే.

"గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, రోజంతా ఆ వీపు తడుముకుంటారేంటండీ?" అంది భార్య, విరిగిన గ్లాసు ఏరుతూ.

ఆవిడ సామెత వాడింది సరదాకే. అది తిన్నగా వెళ్లి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

ఎందుకంటే మాస్టారి దగ్గర నిజంగానే ఒక గుమ్మడికాయ ఉంది. ఇరవై రెండేళ్లుగా మోస్తున్నాడు.

అప్పట్లో ఆయనకొక జోడీ ఉండేవాడు. మనిషి తాటిచెట్టంత. అందరూ పొడుగాయన అనేవాళ్లు. పదేళ్లు ఇద్దరూ ఒకే చాప మీద దొర్లి, ఒకే డబ్బాలో అన్నం తిన్నారు. చివరికి ఒక పెద్ద పోటీలో ఫైనల్‌కు ఇద్దరే మిగిలారు. మూడో నిమిషంలో చీమల పట్టు పడింది. పొడుగాయన తట్టాడు, రెండుసార్లు. కానీ రిఫరీ అవతలి వైపున ఉన్నాడు, ఆ చెయ్యి అతనికి కనపడలేదు. ముందు సంవత్సరం ఇలాగే ఒకడు రిఫరీ చూడకుండా తట్టి, మాస్టారు వదలగానే "నేనెప్పుడు తట్టాను?" అని లేచి, ఆ ఆట గెలుచుకుపోయాడు. అది మనసులో ఉంది. అందుకని రిఫరీ ఇటు తిరిగి వచ్చేదాకా ఆయన పట్టి ఉంచాడు. ఎంతసేపు? నాలుగు ఊపిర్లు. ఆ నాలుగు ఊపిర్లలో పొడుగాయన కుడిచెయ్యి మణికట్టు దగ్గర వడలిన కాడలా వాలిపోయింది. మళ్లీ లేవలేదు.

"తట్టింది నాకు తెలియలేదు" అన్నాడు మాస్టారు, అప్పుడు అడిగిన అందరితోనూ. పొడుగాయనతో కూడా.

"ఆటన్నాక అవుతుంటాయి" అన్నాడు పొడుగాయన. ఆ తరవాత అతను గ్రంథాలయంలో ఉద్యోగం చూసుకుని, వచ్చే పుస్తకాల మీదా పోయే పుస్తకాల మీదా ఎడమచేత్తో ముద్రలు వేస్తూ కాలం గడిపాడు. ఎదురుపడితే నవ్వేవాడు. ఆ నవ్వు తప్పించుకోవడానికి మాస్టారు ఇరవై రెండేళ్లు గ్రంథాలయం వీధి మానేసి చుట్టు తిరిగి వెళ్లాడు.

పలక పగిలిన రెండో వారంలో, పొడుగాయన పోయాడని కబురు వచ్చింది.

దయ్యాల మీద నమ్మకం ఉన్నవాళ్లకు ఇక్కడ చిన్న చిక్కు ఉంది. మాస్టారు వేళ్ల మీద లెక్కపెట్టి చూసుకున్నాడు. పలక జారినది మనిషి పోవడానికి పదకొండు రోజుల ముందు. బతికున్నవాడు దయ్యమై తట్టలేడు. ఈ లెక్క తేలాక ఆయనకు గుండె కాస్త కుదుటపడింది. ఆ ధైర్యంతోనే పలకరించడానికి వాళ్లింటికి వెళ్లాడు.

పొడుగాయన భార్య ఆయన్ను ముందు గదిలో కూర్చోబెట్టింది. బల్ల మీద ఒక పాత ముద్ర, ఎండిపోయిన సిరా దిండు ఉన్నాయి.

"చివర్లో బాధపడ్డాడా అమ్మా?" అన్నాడు మాస్టారు.

"తెలివే లేదన్నయ్యా. పదకొండు రోజులు మంచంలో అలాగే ఉన్నాడు, కన్ను తెరవలేదు. ఆ ఎడమచెయ్యి ఒక్కటే ఆడేది."

"ఆడేదంటే?"

"మంచం పక్కనున్న కమ్మీ మీద తట్టేవాడు. రెండుసార్లు తట్టి ఆగేవాడు. ఎవరైనా ఏమైనా చేస్తారేమోనని చూస్తున్నట్టు ఆగి, మళ్లీ రెండుసార్లు. నర్సు దాహమేమో అంది. తడిగుడ్డతో పెదవులు తుడిచాను. అయినా ఆపలేదు."

మాస్టారు కాఫీ గ్లాసు రెండు చేతులా పట్టుకున్నాడు.

"దాహం కాదని నాకు తెలుసు" అందావిడ. "ఇంకేమిటో నాకు తెలియదు. మీకు తెలుస్తుందేమో, మీ ఆటే కదా."

ఆయనకు తెలియలేదు. అంటే, తెలియలేదని చెప్పాడు.

పొడుగాయన పోయాక అది ఆగిపోతుందనుకున్నాడు. ఆగలేదు. మంచం మీది చెయ్యి ఆగిపోయినా వీపు మీది చెయ్యి ఆగలేదు. అప్పుడు మాస్టారికి భయం కంటే విసుగు ఎక్కువైంది. పట్టుకున్నదేమీ లేకుండా ఎన్నిసార్లు వదలాలి? పోయినవాడి చెయ్యి తన పట్టులో లేదు కదా. పైగా ఇంట్లో ముఖ్యమైన సంగతి ఒకటి నడుస్తోంది. మాస్టారి ఒక్కగానొక్క కూతురు, ల్యాబులో రక్తం తీసే ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు హాల్లో సాధన చేసే పిల్ల, పై నెలలో పెద్ద పోటీకి ఎంపికైంది. అది అయ్యాక హాలు ఆమెకు అప్పగించాలని ఆయన ఆలోచన. ఈ సమయంలో చేతులు చెప్పిన మాట వినడం లేదంటే వైద్యుడి దగ్గరికి లాక్కెళ్తారు. వైద్యుడు ఎప్పటినుంచి అంటాడు. ఎందుకు అంటాడు. ఆ ఎందుకు అనే దారి గ్రంథాలయం వీధి మీదుగా పోతుంది.

అందుకని ఆయన తనకు తెలిసిన ఒకే ఒక్క వైద్యం చేశాడు. సాధన. కొట్టులో పాత పలక ఒకటి తీసుకుని గోదాములో అటూ ఇటూ నడిచేవాడు. వీపు మీద తట్టగానే పళ్లు బిగించి, వదలకుండా పట్టుకునేవాడు. మొదట్లో వేళ్లు వణికేవి. వారం తిరిగేసరికి వణుకు పోయింది. మూడు వారాలకు తట్టినా రెప్ప కూడా ఆడేది కాదు. నలభై ఏళ్లు నేర్చుకున్నదాన్ని ఇరవై రోజుల్లో చేతులకు మరపించాడు. ఎవరికీ చెప్పకుండా మనసులో కొంచెం గర్వపడ్డాడు కూడా.

ఆదివారం పొద్దుటి తరగతికి పన్నెండు మంది వచ్చారు. చీమల పట్టు చూపించమని అడిగారు. ఎప్పటిలాగే చాప మీద పడుకున్నది కూతురే.

"మెల్లగా నాన్నా. రేపు మొదటి షిఫ్టు నాది. సూది గుచ్చేది ఈ చేత్తోనే" అంది, నోట్లో పళ్ల రక్షణ తొడుగు పెట్టుకుంటూ.

"నిన్ను పెంచింది ఈ చేతులే, నాకు చెప్తావా" అన్నాడు మాస్టారు.

అడ్డంగా వాలాడు. కూతురి ముఖం ఆయన డొక్క కింద కప్పబడిపోయింది. కుడిచెయ్యి మెడ దగ్గర ఇరుక్కుంది. ఎడమచెయ్యి ఆయన వీపు వెనక్కి పోయింది. శిష్యులంతా ఎదురుగా ఉన్నారు. వాళ్లకు కనిపించేది మాస్టారి ముఖం ఒక్కటే.

"చూడండి" అన్నాడు. "నొప్పి ఉన్నంతసేపూ భయం లేదు. నొప్పంటే నరం ఇంకా మాట్లాడుతోందని. అది మాట ఆపేసిందంటే అప్పుడు భయపడాలి."

వీపు మీద రెండుసార్లు పడింది. ఆయన రెప్ప ఆడలేదు.

"బలం కాదు, చోటు ముఖ్యం. ఇదిగో, ఎముక ఇక్కడ ఆనాలి."

మళ్లీ రెండుసార్లు. ఈసారి ఇంకా గట్టిగా. పళ్లు బిగించి, పట్టు బిగించాడు. గాజు పలకను బిగించినట్టే.

మాట పూర్తి చేసి లేచాడు. శిష్యులు తలలూపారు. కూతురు లేచి కూర్చుని, కుడిచెయ్యి ఎత్తి నుదుటి మీది జుట్టు తోసుకోబోయింది. చెయ్యి లేచింది. మణికట్టు లేవలేదు. అరచెయ్యి కిందికి వేలాడుతూ, ఎవరిదో వస్తువులా ఆమె ముఖానికి తగిలింది.

కాసేపు ఆమె దాన్నే చూసింది.

"నొప్పి ఆగిపోయింది నాన్నా" అంది. "నువ్వు వదిలేశావనుకున్నా."

ఆసుపత్రిలో వైద్యురాలు నరానికి పరీక్షలు చేసి, తెగలేదు, నలిగింది, వస్తుంది, నెలలు పట్టొచ్చు అని చెప్పింది. పోటీ మాట ఎవరూ ఎత్తలేదు. కూతురి మణికట్టుకు పట్టీ కడుతూ వైద్యురాలు, మాటిమాటికీ వీపు తడుముకుంటున్న తండ్రిని గమనించింది. చొక్కా విప్పించి, వెనక నిలబడి, "గుచ్చినప్పుడల్లా చెప్పండి" అంది.

ఆయన ఎదురుచూశాడు. చాలాసేపైంది.

"మొదలుపెట్టండి మరి" అన్నాడు.

"పదిసార్లు గుచ్చాను" అంది వైద్యురాలు.

రెండు రెక్కల ఎముకల మధ్య అరచెయ్యంత మేర ఆయనకు స్పర్శ లేదు. వెన్నులో ఎప్పటివో పాత దెబ్బలు ఏదో నరాన్ని నొక్కి ఉంచాయట. ఎన్నేళ్లుగానో చెప్పడం కష్టం, పదేళ్లు కావచ్చు, ఇరవై కావచ్చు. "నువ్వు ఎక్కడ తట్టావమ్మా?" అని వైద్యురాలు అడిగితే, కూతురు ఎడమచెయ్యి చాచి తండ్రి వీపు మీద సరిగ్గా ఆ అరచెయ్యంత చోటు మీదే పెట్టింది. ఆ చెయ్యి పడినట్టు కూడా మాస్టారికి తెలియలేదు. ఎదుటి అద్దంలో చూశాడు కాబట్టి తెలిసింది.

"అయితే మీకు తెలిసే అవకాశమే లేదు" అంది వైద్యురాలు. కాగితం మీద రాసి సంతకం కూడా పెట్టింది.

మనుషులకు క్షమించడం కంటే తేలికైన పని లేదు, చేతిలో ఒక కాగితం ఉంటే. సాయంత్రానికి హాలంతా తెలిసిపోయింది. బావమరిది ఇంటికొచ్చి ఆ కాగితం రెండుసార్లు చదివి, మడిచి మాస్టారి జేబులో పెట్టాడు.

"విన్నావా బావా. నీ తప్పు వీసమెత్తు లేదు. ఇప్పుడు అర్థమైంది, ఆ పొడుగాయన సంగతి కూడా ఇదేనన్నమాట. పాపం ఇరవై రెండేళ్ల నుంచీ నువ్వు చెప్తూనే ఉన్నావు, తెలియలేదు తెలియలేదని. కొందరు నమ్మలేదు కూడా. ఇప్పుడేమంటారట?"

అన్నీ అమిరాయి. మాస్టారు నోరు తెరవనక్కరలేదు. ఊరుకుంటే చాలు, రెండు చేతుల ఉసురూ తుడిచిపెట్టుకుపోతుంది. బావమరిది వెళ్లేదాకా ఆయన ఊరుకున్నాడు. భార్య వంటింట్లోకి వెళ్లేదాకా కూడా ఊరుకున్నాడు. తరవాత కూతురి పక్కన కూర్చున్నాడు. ఆమె ఎడమచేత్తో అన్నం కలుపుకోవడానికి తంటాలు పడుతోంది. మెతుకులు బల్ల మీద పడుతున్నాయి.

"నాకు తెలిసింది" అన్నాడు.

ఆమె చెయ్యి ఆగింది. "ఏం తెలిసింది?"

"నువ్వు తట్టడం. తెలిసింది. అది నువ్వు కాదనుకున్నా."

గాజు పలక దగ్గర్నుంచి మొదలుపెట్టి గోదాములో సాధన దాకా చెప్పాడు. ఆపైన అసలుది చెప్పాడు. "పొడుగాయన తట్టింది కూడా తెలిసింది. అప్పుడు ఈ మాయ తట్టడాలేమీ లేవు. అది అతనేనని తెలిసే పట్టుకున్నాను. రిఫరీ చూడాలని. నాలుగు ఊపిర్లు."

"ఎవరికి చెప్పావు ఇది?"

"నీకే."

"కాగితంలో తెలియదని ఉంది కదా నాన్నా. సూది గుచ్చితేనే తెలియలేదు నీకు."

"కాగితం సంగతి నాకు తెలియదు. రెండుసార్లు తట్టావు, ఆగావు, మళ్లీ రెండుసార్లు గట్టిగా తట్టావు. అంత తెలిసింది."

కూతురు ఆయన ముఖంలోకి చూసింది. తరవాత, ఎందుకో, ఆయన భుజం మీదుగా వెనక్కి చూసింది. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు.

"నేను రెండోసారి తట్టలేదు నాన్నా" అంది. "ఆ మొదటి రెండూ తట్టానంతే. వెంటనే నొప్పి ఆగిపోయింది. వదిలావనుకుని చెయ్యి కింద పెట్టేశాను."

వంటింట్లో కుళాయి ఆగింది. మళ్లీ తట్టినది గట్టిగా తట్టిందని, వదలమన్నట్టే తట్టిందని ఆయనకు ఇప్పుడు మరింత బాగా గుర్తొచ్చింది.

మర్నాడు ఆయన చుట్టు తిరగకుండా గ్రంథాలయం వీధిలోంచే నడిచి పొడుగాయన ఇంటికి వెళ్లి, గుమ్మంలో నిలబడే చెప్పాడు. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు, క్షమించనూ లేదు. "ఇది ఆయనకు చెప్పాల్సింది అన్నయ్యా" అని మాత్రం అని, తలుపు మెల్లగా వేసుకుంది. వైద్యురాలి కాగితం అప్పటికే ఆయన జేబులో లేదు.

నాలుగో నెలలో కూతురి మణికట్టు లేచింది. మొదట బెత్తెడు, తరవాత పూర్తిగా. ఇప్పుడు హాలు ఆమెదే. గోడ మీది శీలం కొత్త సున్నం కింద మరుగునపడింది. చీమల పట్టు నేర్పేటప్పుడు పక్కన మూడో మనిషి మోకాళ్ల మీద కూర్చుని, ఖాళీగా ఉన్న చేతినే చూస్తూ, అది ఆడగానే "వదులు" అని పైకి అనాలని ఆమె పెట్టిన నియమం. మాస్టారు చాప మీదికి దిగడు. అద్దాల పని మాత్రం మానలేదు.

ఆయన వీపు మళ్లీ ఎవరూ తట్టలేదు. అయినా గోదాము గుమ్మం దాటేటప్పుడు పలకతో ఒక్క క్షణం ఆగుతాడు.

"ఏం బావా, ఆగావు?" అంటాడు బావమరిది.

"ఏం లేదు" అంటాడు. గాజులో తన వెనక ఖాళీ గుమ్మాన్ని చూస్తూ, రెండుసార్లు తట్టడానికి పట్టేంతసేపు నిలబడి, అప్పుడు లోపలికి నడుస్తాడు.